కోట్లున్నవాళ్లు ఈ చవక రాళ్లు ఎందుకు పెట్టించుకున్నారు? పాత అమెరికన్ నగల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పిచ్చుకగూడు

ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

మాది తెనాలి, ఉండేది న్యూజెర్సీ. అమ్మ వచ్చి నాలుగు నెలలైంది, ఊరికే ఇంట్లో కూర్చోబెట్టడం ఎందుకని పిల్లల సెలవుల్లో ఆర్లాండో వెళ్లాం. మూడో రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. హోటల్లో ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చునే బదులు పక్కనే వింటర్ పార్క్‌లో ఉన్న మోర్స్ మ్యూజియంకి వెళ్లాం. టిఫనీ గాజు కిటికీలు, దీపాలు అక్కడ బోలెడున్నాయి. పిల్లలు పది నిమిషాల్లో బోర్ అన్నారు. అమ్మ మాత్రం ఒక అద్దాల పెట్టె ముందు ఆగింది, ఇక కదిలితే ఒట్టు.

అందులో ఒక నెమలి హారం. 1903-06 మధ్య లూయీ కంఫర్ట్ టిఫనీ చేయించిందట. మధ్య పతకంలో నెమలి, దాని ఒళ్లంతా ఓపల్ (తిప్పితే లోపల రంగులు మారే రాయి) ముక్కలు పక్కపక్కనే పేర్చినట్టు ఉంది. ఊదారంగు అమెథిస్టులు, నీలాలు, మధ్యమధ్య ఎనామెల్ (లోహం మీద గాజుపొడి కరిగించి వేసే రంగుపూత), అన్నిటికంటే కింద ఒకే ఒక్క కెంపు. అమ్మ ఒకటికి నాలుగుసార్లు చూసి, "వజ్రం ఒక్కటీ లేదేమే? అంత ఉన్నవాళ్లు రంగురాళ్లతో సరిపెట్టుకున్నారేం?" అంది. నా దగ్గర జవాబు లేదు. మనవైపు రాళ్ల నగ అంటే తెలిసిందేగా, కొన్నప్పుడు రాళ్లకి డబ్బు తీసుకుంటారు, అమ్మబోతే రాళ్ల బరువు తీసేసి తూస్తారు. అమ్మ జీవితమంతా ఆ లెక్కలోనే గడిచింది.

ఇక రెండో సంగతి. ఫ్లోరిడా నుంచి వచ్చిన రెండు వారాలకి మా వీధి చివర ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్మకానికి పెట్టారు. అక్కడ 60 డాలర్లకి ఒక వెండి బ్రోచ్ కొన్నాను. ఆకులు, వంపు తిరిగిన తీగ. మధ్యలో రేగుపండంత ఊదారాయి, దానికి పలకలు లేవు, బోర్లించిన గిన్నెలా నున్నగా ఉంది. అటూ ఇటూ రెండు పాలరంగు రాళ్లు. బ్రోచ్‌ని కొంచెం వంచితే ఆ పాలరంగు లోపల నీలి వెలుగు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జారుతుంది. ఇక్కడే ఒక నగల షాపులో చూపిస్తే ఆయన రాళ్లకేసి చూడను కూడా చూడలేదు, తక్కెట్లో వేసి "వెండికి ఇంత వస్తుంది, రాళ్లు లెక్కలోకి రావు" అన్నాడు. నాకు ఎందుకో కోపం వచ్చింది, తీసుకుని వచ్చేశాను.

అడిగేదేంటంటే, ఆ రోజుల్లో అమెరికాలో ఇలాంటి రంగురాళ్ల నగలు ఎందుకు చేశారు? పేదరికమా, ఫ్యాషనా? నా బ్రోచ్ ఆ బాపతేనా అని ఎలా తెలుస్తుంది?

సానరాయి

అమ్మగారు అడిగిన ప్రశ్నకే ముందు జవాబు, ఎందుకంటే అసలు ప్రశ్న అదే.

నేను హైదరాబాద్‌లో రత్నాల ల్యాబ్‌లో పదకొండేళ్లు పనిచేశాను, అక్కడ కూడా జనం రాయి చూపించగానే అడిగేది "ఎంత పలుకుతుంది" అనే. రంగు గురించి అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీరు చూసిన హారం చేయించిన ఆయన సరిగ్గా దానికి తిరగబడ్డ మనిషి. లూయీ టిఫనీ తండ్రి చార్లెస్ టిఫనీ, 1837లో న్యూయార్క్‌లో కంపెనీ పెట్టినవాడు, వజ్రాల వ్యాపారంలో పేరు మోసినవాడు. దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనిలో దొరికిన 287 క్యారట్ల పసుపు వజ్రాన్ని కొని 128 క్యారట్లకి సాన పట్టించింది ఆ కంపెనీయే. అంటే ఆ ఇంట్లో వజ్రాలకి కరువు లేదు! తండ్రి 1902లో పోయాక కొడుకు కంపెనీ డిజైన్ల బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 50 దాటింది, గాజులో అప్పటికే ఎంతో పేరు. నగల్లోకి ఆయన కంసాలిలా రాలేదు, రంగులతో పని చేసేవాడిగా వచ్చాడు. అది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

మామూలు వజ్రానికి రంగు లేదు, మెరుపు ఉంది. అప్పట్లో డబ్బున్నవాళ్ల ఫ్యాషన్ ఏంటంటే ప్లాటినంలో వజ్రాలు, మొత్తం తెల్లగా, లేసు అల్లినట్టు. లోహం కనబడకూడదు, పని కనబడకూడదు, రాయి ఖరీదు మాత్రమే కనబడాలి. లూయీకి అది నచ్చలేదు. ఆయనకి కావలసింది ద్రాక్షపండు మీద ఉండే ఊదా, తూనీగ రెక్క మీద ఉండే పచ్చ. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1904 ప్రాంతపు హారం ఒకటుంది, మీకు దగ్గరే, అమ్మగారిని తీసుకెళ్లండి. నల్ల ఓపల్స్ ద్రాక్షగుత్తులు, ఎనామెల్ పూసిన ఆకులు. ద్రాక్ష నలుపు కాదు, నీలం కాదు, పచ్చ కాదు, అన్నీ కలిసిన ఒక రంగు ఉంటుంది కదా, అది నల్ల ఓపల్‌లో తప్ప ఇంక దేనిలో వస్తుంది? ఆ నల్ల ఓపల్ ఆస్ట్రేలియాలో లైట్నింగ్ రిడ్జ్ అనే చోట సరిగ్గా ఆ రోజుల్లోనే తవ్వడం మొదలైంది. అంటే అప్పటికి అది కొత్త సరుకు.

మీ హారంలో ఆ కింది కెంపు సంగతి. దాన్ని ఖరీదు కోసం కాదు, సరిగ్గా అక్కడ ఆ ఎరుపు కావాలనే ఎంచారని ఆ కాలపు పత్రికలోనే రాశారు. మొత్తం నీలి, ఆకుపచ్చ రంగుల మధ్య ఆ ఒక్క ఎర్రచుక్క తీసేసి ఊహించుకోండి, హారం చప్పబడిపోతుంది. ఇంకో మాట, ఆ పతకం వెనకవైపు కూడా ఎనామెల్‌తో ఫ్లెమింగో పక్షులున్నాయి. వేసుకున్న మనిషికి తప్ప ఎవరికీ కనబడవు. జైపూర్ మీనాకారీ (ఎనామెల్ పని) నగల వెనకవైపు చూసినవాళ్లకి ఈ సరదా అర్థమవుతుంది.

గార్నెట్ మాట కూడా చెప్పాలి. గార్నెట్ అనగానే మనకి గోమేధికమో, ఎర్రరాయో గుర్తొస్తుంది. లూయీ వాడింది ఎక్కువగా డెమంటాయిడ్ అనే ఆకుపచ్చ గార్నెట్, రష్యాలో ఉరల్ కొండల సరుకు. తెల్లకాంతిని రంగులుగా విడగొట్టే గుణంలో అది వజ్రాన్ని మించిపోతుంది, దాని అంకె 0.057, వజ్రానిది 0.044. కాబట్టి అమ్మగారికి చెప్పండి, అన్నీ చవక రాళ్లేం కావు, నల్ల ఓపల్ గానీ డెమంటాయిడ్ గానీ ఇవాళ మంచిది దొరికితే ధర విని కళ్లు తిరుగుతాయి.

ఈ నగలు మొదట జనం చూసింది 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనలో, 27 నగలు పెట్టారు. పేరు మాత్రం టిఫనీదే గానీ నగల వర్క్‌షాప్ నడిపింది జూలియా మన్సన్ అనే ఆవిడ. ఎనామెల్ పనిలో ఆవిడ చేయి తిరిగిన మనిషి. 1914లో ఆవిడ మానేశాక మెటా ఓవర్‌బెక్ అనే ఇంకో ఆవిడ వచ్చి 1933 దాకా చూసుకుంది. పేరు ఒకరిది, చేయి ఇంకొకరిది.

బ్రోచ్ గురించి ఫోటో చూడకుండా ఏమీ చెప్పను. కానీ షాపాయన చేసింది మాత్రం తప్పు. రాయి చూడకుండా రాయికి విలువ లేదనడం ఏంటి?

బెజవాడబాబాయ్

సానరాయి గారు బాగా చెప్పారు గానీ ఇదంతా కళ, రంగు, తిరుగుబాటు అంటే నేను సగమే నమ్ముతాను. నేను ముప్పై ఏళ్లు బట్టల వ్యాపారం చేసినవాణ్ణి. గోడౌన్లో సరుకు ఉన్నప్పుడే ఆ రంగు ఫ్యాషన్ అవుతుంది, ఇది ఎక్కడైనా ఒకటే.

టిఫనీ కంపెనీలో జార్జ్ కుంజ్ అని రత్నాల నిపుణుడు ఉండేవాడు. అతని కథ చదవండి, నవలలా ఉంటుంది. 1876లో ఇరవయ్యేళ్ల కుర్రాడు, మెయిన్ రాష్ట్రంలో దొరికిన ఆకుపచ్చ టూర్మలిన్ ఒకటి పట్టుకుని నేరుగా చార్లెస్ టిఫనీ దగ్గరికి వెళ్లి అమ్మేశాడు. అది కెంపూ కాదు మరకతమూ కాదు, అప్పటికి ఎవరికీ పట్టని రాయి. తర్వాత కొన్నేళ్లకి ఆ కుర్రాణ్ణే ఉద్యోగంలో పెట్టుకున్నారు. అతని పని ఏంటి? అమెరికాలో ఎక్కడ ఏ రాయి దొరుకుతుందో వెతకడం, దానికో పేరు, ఓ కథ తగిలించి డబ్బున్నవాళ్ల మెడలో వేయించడం.

మోంటానాలో యోగో గల్చ్ అని ఒక లోయ. 1890ల మధ్యలో జేక్ హూవర్ అనే అతను బంగారం కోసం మట్టి కడుగుతుంటే జల్లెడలో నీలం రంగు గులకరాళ్లు మిగిలేవి. బంగారం అంతంత మాత్రం. ఆ రాళ్లని సిగార్ పెట్టెలో పోసి పంపితే చివరికి కుంజ్ దగ్గరికి చేరాయి, బదులుగా 3,750 డాలర్ల చెక్కు వచ్చిందని చెబుతారు. బంగారం కోసం చచ్చీ చెడీ కడిగినా అంత రాలేదు మరి! అవి నీలాలు, ఏ వేడీ పెట్టకుండానే మంచి రంగు ఉండే నీలాలు. 1900 పారిస్ ప్రదర్శనలో టిఫనీ కంపెనీ మోంటానా నీలాలతో ఒక ఐరిస్ పువ్వు బ్రోచ్ పెట్టింది, డిజైన్ పోల్డింగ్ ఫార్నమ్ అనే అతనిది, వందకి పైగా నీలాలు, జానెడు పొడుగు. ఇప్పుడు బాల్టిమోర్‌లో వాల్టర్స్ మ్యూజియంలో ఉంది. అది కళే, కాదనను. కానీ అదే సమయంలో "మా దేశంలో కూడా రత్నాలున్నాయి" అని యూరప్ వాళ్ల మొహం మీద చెప్పడం కూడా.

కాలిఫోర్నియాలో పాలా అనే చోట 1902లో గులాబీ-ఊదా కలిసిన రాయి దొరికింది, దానికి 1903లో కుంజైట్ అని ఇతని పేరే పెట్టారు. 1910లో మడగాస్కర్ నుంచి గులాబీ బెరిల్ అనే రాయి వచ్చింది, దానికి బ్యాంకర్ జె.పి. మోర్గన్ పేరు మీద మోర్గనైట్ అని పెట్టించింది ఇతనే. కోటీశ్వరుడి పేరు పెడితే వాడూ కొంటాడు, వాడి స్నేహితులూ కొంటారు. వ్యాపారం రాకపోతే ఈ తెలివి వస్తుందా?

ఒక హెచ్చరిక. కుంజైట్ ఎండకి వెలిసిపోతుంది. ఎవరైనా పాత నగలో పాలిపోయిన గులాబీ రాయి చూస్తే వెంటనే గాజు అనుకోకండి.

పిచ్చుకగూడు

బాబాయ్ గారూ, సిగార్ పెట్టె కథ అమ్మకి చెప్పాను, "వాడి అదృష్టం" అని ఒక నిట్టూర్పు.

కానీ ఓపల్ అనగానే మా వదిన ఫోన్‌లో భయపెట్టేసింది, ఓపల్ అచ్చిరాదని ఇంగ్లీషువాళ్లే అంటారట కదా? మనకి నీలం అందరికీ పడదు అన్నట్టు. మరి ఆ లూయీగారికి ఏ పట్టింపూ లేదా?

సానరాయి

యూరప్‌లో 19వ శతాబ్దంలో ఆ భయం ఉండేది, నిజమే. దానికి ఒక మామూలు కారణం కూడా ఉందని నా అనుమానం. ఓపల్‌లో నీరు ఉంటుంది, బరువులో 3 నుంచి 10 శాతం దాకా. వేడి తగిలినా, హఠాత్తుగా ఎండబెట్టినా పగుళ్లు వస్తాయి. రాళ్ల గట్టిదనాన్ని పదికి కొలిస్తే ఇది ఆరు దగ్గర, వజ్రం పది. నగ బిగించేటప్పుడు కంసాలి చేతిలో టప్‌మని పగిలిందనుకోండి, నా చేతకానితనం అంటాడా, రాయి మంచిది కాదంటాడా? మీరే చెప్పండి.

లూయీకి పట్టింపు ఉంటే అన్ని ఓపల్స్ వాడడు. బాబాయ్ గారు చెప్పిన కుంజ్ కూడా రాళ్ల మీద ఉన్న నమ్మకాలన్నీ పోగేసి 1913లో ఒక లావుపాటి పుస్తకమే రాశాడు. బాబాయ్ గారూ, వ్యాపారం అన్న మాట ఒప్పుకుంటాను. కానీ మోంటానా నీలం అమ్ముకోవాలంటే వజ్రాల మధ్య ఒక నీలం పెట్టి కూడా అమ్మొచ్చు. నెమలి మెడ రంగు రావాలని ఓపల్ ముక్కలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం గోడౌన్ ఖాళీ చేసే పని కాదు.

బోస్టన్‌బుజ్జి

అందరూ టిఫనీ దగ్గరే తిరుగుతున్నారు, అక్క బ్రోచ్ వెండిది అని మర్చిపోయారు! వెండి, ఆకులు, నున్నటి అమెథిస్ట్, నీలి వెలుగు జారే రాళ్లు. ఇవి న్యూయార్క్ ఐదో అవెన్యూలోని ఖరీదైన షాపుల సరుకు కాదు, ఇది ఇంకో కథ.

అదే రోజుల్లో బోస్టన్‌లో, చికాగోలో చిన్న చిన్న వర్క్‌షాపులు ఉండేవి. ఫ్యాక్టరీలో అచ్చు గుద్దిన నగలు విసుగొచ్చి, ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా చేత్తో చేసిన వస్తువు కావాలని ఇంగ్లండ్‌లో మొదలైన ఉద్యమం ఇక్కడికి వచ్చింది. బోస్టన్‌లో 1897లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ పెట్టారు. ఫ్రాంక్ గార్డ్‌నర్ హేల్ అనే ఆయన ఇంగ్లండ్ వెళ్లి యాష్‌బీ అనే ఆయన పెట్టిన చేతిపనివాళ్ల సంఘంలో (గిల్డ్) పని నేర్చుకుని వచ్చాడు. జోసెఫిన్ హార్ట్‌వెల్ షా అనే ఆవిడకి 1914లో సొసైటీ వాళ్లు పతకం ఇచ్చారు. వీళ్లిద్దరి దగ్గరా పని నేర్చుకున్నవాడు ఎడ్వర్డ్ ఓక్స్, ఆయన ఆకులూ చిన్న పూలూ చూస్తే మల్లెపందిరి కింద నిలబడ్డట్టు ఉంటుంది. ఇక్కడ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో వీళ్లవి చూడొచ్చు. చికాగోలో కేలో షాప్ అని క్లారా బార్క్ అనే ఆవిడ 1900లో మొదలుపెట్టింది, అది 1970 దాకా నడిచింది. ఇన్ని పేర్లలో ఆడవాళ్లు ఎంతమందో చూశారా? మన దగ్గర కంసాలి పీట మీద ఆడమనిషి కూర్చోవడం నేను చూడలేదు.

ఇక రాళ్ల సంగతి. పలకలు కొట్టకుండా గుండ్రంగా నున్నగా సాన పట్టిన రాయిని కబోషన్ అంటారు. పలకల రాయి ఎదురుగా ఉన్నవాళ్ల కళ్లలోకి మెరుపు విసురుతుంది. కబోషన్ అలా కాదు, లోపలికి చూడనిస్తుంది. వీళ్లకి అదే కావాలి. మూన్‌స్టోన్ (నీలి వెలుగు జారే పాలరంగు రాయి), అమెథిస్ట్, ఫిరోజా, మిసిసిపీ నది ముత్యాలు, సొట్టలు పోయినవైనా సరే. మూన్‌స్టోన్ ఎక్కువగా సిలోన్ నుంచి వచ్చేది. అమెథిస్ట్ ఒకప్పుడు రాజుల రాయి, బ్రెజిల్‌లో కుప్పలుగా దొరికాక ధర పడిపోయింది. రాయి చవక కాబట్టి చేసేవాడికి భయం లేదు, తప్పు పోతే ఇంకోటి తెచ్చుకుంటాడు. డబ్బంతా పని మీద.

పని అంటే ఎంతో నాకు ఈమధ్యే తెలిసింది. నేను సాయంత్రాలు మెటల్ క్లాసుకి వెళ్తున్నా. రాయి చుట్టూ కాగితమంత పల్చటి వెండి పట్టీ చుట్టి, చివరలు ఒకదానికొకటి సరిగ్గా ఆనేలా ఆకురాయితో రుద్ది, మాటు వేసి, దాన్ని కింది రేకు మీద మళ్లీ మాటు వేసి, చల్లార్చి, కడిగి, అప్పుడు రాయి కూర్చోబెట్టి, పట్టీని కొంచెం కొంచెంగా రాయి మీదికి నొక్కుతూ రావాలి. ఒకవైపు మొత్తం నొక్కేస్తే రాయి పక్కకి ఒరుగుతుంది, అందుకని ఎదురెదురుగా నొక్కాలి, తూర్పు నొక్కితే తర్వాత పడమర. నా మొదటి ఉంగరంలో ఫిరోజా పెట్టాక చూస్తే మాటు దగ్గర సన్నటి సందు. ఏముందిలే అని రాయి ఉండగానే మంట చూపించా. ఫిరోజా ముందు ఆకుపచ్చకి తిరిగింది, తర్వాత గోధుమరంగు, తర్వాత రెండు ముక్కలు. టీచర్ ఏమీ అనలేదు, ఆవిడ డ్రాయర్ తెరిచి అలాంటివే తను పాడుచేసిన ఒక గుప్పెడు రాళ్లు చూపించింది.

అక్కా, ఇప్పుడు మీ బ్రోచ్. పది రెట్లు పెద్దగా చూపించే లూప్ ఒకటి కొనండి, పది పదిహేను డాలర్లకి వస్తుంది. ముందు వెనకవైపు చూడండి. స్టెర్లింగ్ (మేలి వెండి అని చెప్పే ముద్ర) అని ఉందా, పక్కన ఎవరి పేరో గుర్తో ఉందా, "హ్యాండ్ రాట్" (చేత్తో చేసింది) లాంటి మాట ఉందా. తర్వాత ఆకులు. అచ్చుతో గుద్దినవైతే అన్ని ఆకులూ కవలల్లా ఉంటాయి, వెనకవైపు గుంటలు పడి ఉంటాయి. చేత్తో చేసినవైతే ఏ రెండూ ఒకేలా ఉండవు, సన్నటి సుత్తి దెబ్బలు కనిపిస్తాయి. ఒక సంగతి ముందే చెప్తున్నా, మీ రాష్ట్రంలోనే నెవార్క్ అప్పట్లో నగల ఫ్యాక్టరీలకి పెద్ద ఊరు, చేతిపని పోలికలతో అచ్చు సరుకు కూడా అక్కడ గుట్టలుగా తయారైంది. కాబట్టి మరీ ఆశ పెట్టుకోకండి. ఊదారాయి లోపల గుండ్రటి బుడగలు కనబడితే గాజు. రంగు ఒక పక్క ముదురుగా, ఒక పక్క లేతగా పొరలుగా ఉంటే అమెథిస్ట్ అయ్యే అవకాశం ఎక్కువ.

గోదారిగట్టు

ఇదంతా మన కుందనం పనే కదా, తెల్లోళ్లు మన దగ్గర్నుంచి ఎత్తుకెళ్లారు. ఎవరూ చెప్పరేం?

సానరాయి

ఎత్తుకెళ్లలేదు అన్నా, కానీ చూశారు. లూయీ టిఫనీతో కలిసి ఇళ్ల అలంకరణ పని చేసిన లాక్‌వుడ్ డి ఫారెస్ట్ అనే ఆయన 1881లో అహ్మదాబాద్‌లో హఠీసింగ్ గారితో కలిసి చెక్కపని కార్ఖానా పెట్టి ఆ చెక్కడాలు న్యూయార్క్ తీసుకెళ్లేవాడు. కాబట్టి మన పని వాళ్లకి తెలియకపోవడం ఉండదు. కానీ కుందనం వేరు. మనవాళ్లు రాయి కింద తళుకు రేకు పెడతారు, చుట్టూ మేలిమి బంగారు రేకుని మంట లేకుండా ఒత్తిడితోనే కూరి బిగిస్తారు. బుజ్జి గారు చెప్పింది మాటు వేసిన పట్టీ. చూడటానికి దగ్గర దగ్గరగా ఉంటాయి, చేసే పద్ధతి మాత్రం వేరు.

పిచ్చుకగూడు

లూప్ వచ్చింది! చూశాను!

వెనక స్టెర్లింగ్ అని ఉంది. దాని కింద ఇంకో గుర్తు ఉంది గానీ సగం అరిగిపోయింది, వంకర గీతలో ఒక అక్షరం మాత్రం మిగిలింది, ఏంటో తెలియడం లేదు. ఐదు ఆకులున్నాయి, ఏ రెండూ ఒకేలా లేవు, ఒక ఆకు ఈనె అయితే మధ్యలో దారి తప్పి మళ్లీ సర్దుకుంది, చేసినవాళ్లకి చెయ్యి జారినట్టుంది. నాకు అదే బాగా నచ్చింది. ఊదారాయిలో బుడగలు లేవు, కింద ఒక మూల ముదురు రంగు, పైకి వచ్చేకొద్దీ లేత. పాలరాళ్లలో ఒకదాని లోపల పురుగు కాళ్లలా సన్నటి గీతలున్నాయి, అది పగులా?

ఇంకో విషయం చెప్పాలి, తిట్టకండి. నేను ఆఫీసుకి వెళ్లినప్పుడు అమ్మ దాన్ని "నల్లగా జిడ్డోడుతోంది" అని చింతపండు రసంలో కాసేపు ఉంచి, పళ్లపొడి వేసి రుద్ది తళతళలాడించి పెట్టింది. ఆకుల సందుల్లో ఉన్న నలుపంతా పోయింది. వెండి గ్లాసు కడిగినట్టు ఉంది ఇప్పుడు.

బోస్టన్‌బుజ్జి

అయ్యయ్యో అక్కా!! ఆ సందుల్లో నలుపు వల్లే ఆకుల లోతు కనిపించేది, పాత వెండి కొనేవాళ్లు ముందు చూసేది అదే.

సానరాయి

అమ్మగారిని ఏమీ అనకండి, మా ఇంట్లో మా నాన్నమ్మ వెండి కంచాలకి విభూతి పెట్టేది.

జరిగిన నష్టం తక్కువే. నలుపు మళ్లీ వస్తుంది, గాలిలో ఉండే గంధకం వల్ల వెండి దానంతటదే నల్లబడుతుంది, వేసుకుంటూ ఉంటే ఎత్తుగా ఉన్నచోట మెరిసి సందుల్లో నలుపు నిలబడుతుంది, కాకపోతే కొన్నేళ్లు పడుతుంది. పళ్లపొడి మామూలుగా సుద్ద కాబట్టి అమెథిస్ట్‌కి ఏమీ కాదు, మూన్‌స్టోన్ మీద మాత్రం లూప్‌తో చూడండి, కొన్ని పొడుల్లో ఇసకలాంటిది కలుస్తుంది. పురుగు కాళ్లలాంటి గీతలు అన్నారే, మూన్‌స్టోన్‌లో అవి పుట్టుకతోనే ఉంటాయి, మేం వాటిని చూసే ఇది గాజు కాదని ధైర్యంగా రాసేవాళ్లం. ఆ రాయి లోపల రెండు రకాల ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మీద వెలుతురు చెదిరే మీకు ఆ నీలి వెలుగు జారుతున్నట్టు కనిపిస్తుంది. గట్టి దెబ్బ తగిలితే మాత్రం ఆ రాయి చీలుతుంది. షాపుల్లో అల్ట్రాసోనిక్ మిషన్‌లో (శబ్ద తరంగాలతో నగలు కడిగేది) వేస్తామంటే వద్దనండి, వేడినీళ్లు వద్దు, చింతపండు అసలే వద్దు. గోరువెచ్చని నీళ్లలో చుక్క సబ్బు, మెత్తటి బ్రష్, అంతే. పట్టీ అంచుల్లో పొడి ఇరుక్కుని ఉంటే టూత్‌పిక్ వాడండి, పిన్నీసు వద్దు.

గుర్తు ఫోటో పగటి వెలుతురులో ఒక పక్క నుంచి లైటు పడేలా తీసి పెట్టండి. అరిగిన అక్షరాలు ఎదురు వెలుతురులో కనబడవు, పక్క వెలుతురులో లేస్తాయి.

బెజవాడబాబాయ్

ఆ 60 డాలర్ల బ్రోచ్ నాకు 100కి ఇస్తావా తల్లీ?

పిచ్చుకగూడు

ఇవ్వను బాబాయ్ గారూ. అమ్మ దాన్ని ఆదివారం గుడికి గద్వాల చీర మీద పెట్టుకుంటానని తీసి బీరువాలో పెట్టేసింది, ఇప్పుడు నాకే ఇవ్వట్లేదు. వెనక కొక్కెం వదులుగా ఉంది, దానికి దారం చుట్టింది. ఫోటో శనివారం పగలు తీసి పెడతాను.